కారే గంప అన్నాడు మా నాన్న, దానికి ఆయిల్ మార్చాను నేను

ఒక పెళ్లిని చేతులారా ఆపేసే అవకాశం అందరికీ రాదు. నాకు వచ్చింది. దానికి విలన్లు అక్కర్లేకపోయారు, పెళ్లికొడుకు పారిపోనూ లేదు. మా అమ్మ బియ్యం కొలిచే తవ్వ, వంటింటి గరాటు, ఫోనులో చూసిన ఒక వీడియో, ఈ మూడూ సరిపోయాయి. మిగతాదంతా నేను చూసుకున్నాను.

ముందు నా గురించి చెప్పాలి. నా పేరు రాణి. మా వాళ్లది శ్రీకాకుళం వైపు, నేను పుట్టి పెరిగింది మాత్రం రాయపూర్‌లో. పన్నెండో తరగతి దగ్గర చదువూ నేనూ ఒకరినొకరు వదిలేసి హాయిగా ఉన్నాం. పండరీ బజారులో ఒక చీరల దుకాణంలో పని చేస్తాను. నాకున్న జబ్బు ఒక్కటే, చేతులు ఊరుకోవు. కిర్రుమని తిరిగే ఫ్యానుని విప్పాను, అది కిర్రుమనడం మానేసింది, తిరగడం కూడా మానేసింది. మిక్సీ బాగు చేశాను. అప్పటినుంచి లోపల పచ్చడి కదలదు గానీ మిక్సీ మాత్రం గట్టు మీద ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తుంది. ఇలాంటి పిల్ల ఉన్న ఇంట్లో కారు కొనకూడదు. మా నాన్న కొన్నాడు.

నాన్న ఉర్లాలో ఇనుప ఫ్యాక్టరీలో లారీ డ్రైవరుగా పని చేసేవాడు. అక్కడే ఒకసారి మెట్ల మీంచి జారి పడి ఎడమ మోకాలు పాడు చేసుకున్నాడు. క్లచ్ తొక్కే బలం ఆ కాలికి లేదు. అందుకని క్లచ్ లేని ఆటోమేటిక్ బండి, సెకండ్ హ్యాండుది, తెల్లది కొన్నాడు. దాన్ని రోజూ తుడిచేవాడు. తుడిచిన గుడ్డని ఉతికి దండెం మీద ఆరేసేవాడు. నా బట్టలకి కూడా ఆ దండెం మీద అంత చోటు ఉండేది కాదు.

అదే ఏడాది ఉష పెళ్లి కుదిరింది. ఉష అంటే మా అత్త కూతురు, నాన్నకి సొంత చెల్లెలి పిల్ల. మాలో పెళ్లికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొస్తాడు కదా. ఆ మేనమామ మా నాన్నే. ఉష పుట్టినప్పటినుంచీ "దీన్ని గంపలో నానే ఎత్తాలి" అని చెప్పుకుని తిరిగిన మనిషి. ఇప్పుడేమో నీళ్ల బిందె ఎత్తాలన్నా గోడ పట్టుకోవాలి.

ఉష తండ్రి, అంటే మా మావయ్య, మాట జాగ్రత్తగా వాడే మనిషి కాదు. లగ్న పత్రిక రాసుకున్న రోజు అందరి ముందూ అనేశాడు.

"బావా, నీ కాలు సంగతి మాకు తెల్దేటి? గంప మా తమ్ముడు ఎత్తుతాడులే. నువ్వు ఎనకాల అచ్చింతలు అట్టుకుని ఆరామ్‌గా నడిచి రా."

నాన్న మొహం చూడలేకపోయాను. కాసేపు కండువా అంచు మెలిపెట్టి, "గంపెందుకు? నా కారే గంప. ఉషని నానే కారులో ఎట్టుకుని మండపం గుమ్మం కాడ దింపుతాను" అన్నాడు.

"నువ్వు నడుపుతావా?" మావయ్య పగలబడి నవ్వాడు. "డ్రైవర్ని ఎట్టుకో బావా. నువ్వెనక సీటులో కూకో."

"స్టీరింగు మీద నా సెయ్యే ఉంటాది. రాసుకో."

ఇదీ పందెం. ఇక ఇంట్లో తిండి లేదు, నిద్ర లేదు. పొద్దున్నే కారు తీస్తాడు, కాలనీ చుట్టూ తిప్పుతాడు, వచ్చి వరండాలో పచార్లు. ఎందుకంటే బండికి ఒక రోగం ఉంది. బయల్దేరేటప్పుడూ, నెమ్మదించేటప్పుడూ ఒక్క కుదుపు కుదిపేది. మామూలు కుదుపు కాదు, వెనక కూర్చున్న వాళ్లు ముందు సీటుకి దండం పెట్టి లేచేవాళ్లు.

"పిల్ల బాసికం ముందు సీటుకి తగిలి ఇరిగిపోతే ఏటి సెప్పాలే?" అని నాన్న నన్ను అడిగేవాడు. నాన్న అడిగితే నా చేతులు దురద పెట్టేవి.

గ్యారేజీకి ఫోన్ చేస్తే పెళ్లిళ్ల సీజన్, బండ్లు నిండిపోయాయి, పెళ్లయ్యాక తీసుకురండి అన్నారు. పెళ్లి కోసం బాగు చేయమంటే పెళ్లయ్యాక రమ్మంటారేమిటి? నాకు ఒళ్లు మండింది. ఫోనులో వెతికాను. ఒక కుర్రాడు చేతులకి గ్లవ్స్ వేసుకుని హిందీలో గలగలా చెబుతున్నాడు: గేరు కుదిపిందంటే గేరు ఆయిల్ చచ్చిపోయినట్టే, కింద బోల్టు విప్పి పాతది వదిలెయ్యండి, ఎంత వదిలితే అంత కొత్తది పై నుంచి పొయ్యండి, బిల్కుల్ ఆసాన్, అంటే మహా తేలిక. ఆ "బిల్కుల్ ఆసాన్" అన్న మాట ఎంత నష్టం చేస్తుందో అప్పటికి నాకు తెలియదు. ఆ కుర్రాడి కారు వేరు, మాది వేరు అన్నది కూడా నాకు తట్టలేదు. మనిషి కడుపు అందరికీ ఒకేచోట ఉన్నట్టు, కారు కడుపూ ఒకేచోట ఉంటుందనుకున్నాను.

పెళ్లికి ముందు రోజు నాన్న, మావయ్య వాళ్లు ఉర్లా రోడ్డులో ఉన్న మండపం దగ్గరికి పందిరి పనులకి వెళ్లారు. అమ్మ ఉష వాళ్లింట్లో అరిసెలు వత్తుతోంది. ఉష వాళ్లిల్లు మా కాలనీలోనే, పక్క సందు. నేను దుకాణానికి సెలవు పెట్టి, దొరికింది సందు అని కారు దగ్గరికి వచ్చాను.

కారు కిందకి దూరడం ఎలా? దానికి నా దగ్గర ఉపాయం ఉంది. మా గేటు ముందు మున్సిపాలిటీ వాళ్లు కొత్త నాలీ తవ్వారు. ఇంకా నీళ్లు ఎరగని కాలువ, లోపల సిమెంటు తెల్లగా మెరుస్తోంది. కారు రాకపోకలకి దాని మీద చక్రానికొకటి చొప్పున రాతి పలకలు వేశారు. ముందు చక్రాలు పలకల మీద ఆపితే, మధ్య సందులోంచి కాలువలోకి దిగి తల పైకెత్తితే కారు కడుపే. పెద్ద గ్యారేజీ వాళ్లు కూడా ఇలాంటి గొయ్యే తవ్వుకుంటారు. నాకు ప్రభుత్వమే తవ్విపెట్టింది.

అమ్మ పాత నైటీ వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని కాలువలో పడుకున్నాను. పానాతో వెతుకుతుంటే ఒక బోల్టు కనబడింది. "నేనే, నేనే" అని పిలుస్తున్నట్టు ఎదురుగా ఉంది. దాన్నే పట్టుకున్నాను. ఇంకొంచెం అవతల ఇంకో బోల్టు ఉందన్న సంగతి నేను చూడలేదు. చూసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, మీరు వెళ్లి వేరే పని చూసుకునేవాళ్లు.

బోల్టు వదులైంది. నల్లటి ధార సర్రున దిగింది. సగం గిన్నెలో, సగం నా మోచేతి మీంచి చంకలోకి.

"ఓలమ్మో, ఎంత నల్లగా ఉన్నాదో!" అని గట్టిగానే అన్నాను. భయంతో కాదండీ, గర్వంతో. ఇంత కుళ్లిపోయిన ఆయిల్ పెట్టుకుని పాపం ఈ బండి కుదపక ఏం చేస్తుంది?

సరిగ్గా అప్పుడే పక్కింటి దీదీ తన కూలర్ తొట్టి కడిగి నీళ్లు కాలువలోకి వదిలింది. కొత్త నాలీకి అదే తొలి ప్రవాహం. ఒక్కసారిగా నా వీపు కింద నుంచి చల్లగా పారింది. నేను పెట్టిన కేకకి దీదీ పరుగెత్తుకొచ్చి కారు కిందకి వంగింది.

"అరే! కోన్ హస్ ఓ? కా కరత్ హస్?" ఎవరు, ఏం చేస్తున్నావని ఛత్తీస్‌గఢీలో అడిగింది.

"మైఁ హూఁ దీదీ, రాణీ! పానీ బంద్ కరో!" నీళ్లు ఆపమని మొత్తుకున్నాను.

"నాలీ మా కాబర్ సూతే హస్?"

కాలువలో ఎందుకు పడుకున్నావు అని అడిగితే ఏం చెప్పను? "పాపా కీ ఇజ్జత్ కే లియే" అన్నాను, నాన్న పరువు కోసమని. ఆమె ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఎంత వదిలితే అంత పొయ్యాలి కదా. కొలవడానికి వంటింట్లో దొరికింది తవ్వ. అమ్మమ్మ నాటి ఇత్తడి తవ్వ, మా ఇంట్లో దేవుడి తర్వాత దేవుడు. అమ్మ ఏ శుభానికైనా దానితోనే బియ్యం కొలుస్తుంది. లీటర్ల గొడవ నాకెందుకు? బోల్టు బిగించి, నల్ల ఆయిల్ తవ్వతో కొలిచి పారబోశాను, తర్వాత పైపైన సబ్బుతో తోమి, కొట్లో కొనుక్కొచ్చిన కొత్త గేరు ఆయిల్ అదే తవ్వతో కొలిచాను. అది ఎర్రగా, ఆవకాయ మీద తేలిన నూనెలా ఎంత అందంగా ఉందో! బానెట్ ఎత్తి, వీడియోలో చూపించిన గొట్టంలో గరాటు పెట్టి, పై దాకా పోశాను. చివర్లో గరాటులోంచి కొంచెం వెనక్కి తన్నింది. "కడుపు నిండింది పాపం" అనుకున్నాను.

అసలు జరిగింది మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది, ఒక్క నాకే కాలేదు. నేను వదిలేసిన నల్లది గేరు ఆయిల్ కాదు, ఇంజన్ ఆయిల్. నేను పోసిన ఎర్రది మాత్రం సరైన చోటికే, అంటే అప్పటికే నిండుగా ఉన్న గేరు పెట్టెలోకే పోయింది. ఒకడికి పస్తు, ఇంకొకడికి రెండు భోజనాలు.

ఆ సాయంత్రం నాన్నకి చెబితే ఉబ్బిపోయాడు. "నువ్వే మార్చినావేటే? నాకు కొడుకు లేని లోటు నేదే!" అని నా తల నిమిరాడు. తువ్వాలు తీసి ఉంటే చెయ్యి నల్లగా అయ్యేది.

మర్నాడు పొద్దున. ముహూర్తం పగటిదే. కారుకి బంతిపూలు, ముందు అద్దం మీద పసుపు బొట్టు. నాన్న పట్టు పంచె, తలపాగా కట్టుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన నేను, మెకానిక్ హోదాలో. వెనక ఉష, పక్కన అత్త. మావయ్య మండపంలో ఉన్నాడు, అమ్మ తలంబ్రాల బియ్యం కొలుచుకుని వెనకాల ఆటోలో వస్తానంది.

ఉషని మేనమామే ఎత్తి కారులో కూర్చోబెట్టాలి కాబట్టి, అంతకుముందు నాన్నే, ఎత్తలేక, ఆమె చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. అత్త వెంటనే అంది, "అన్నియ్యా, గంపలో కూకున్న పిల్ల మండపం దాకా నేల తొక్కకూడదు, గేపకం ఉన్నాదా?"

"నాను దింపితే కదా తొక్కడానికి" అన్నాడు నాన్న.

తాళం తిప్పాడు. బండి లేచింది. స్టీరింగు వెనక డాష్‌బోర్డు మీద ఎర్రగా ఒక బొమ్మ వెలిగింది. చిన్న ముక్కు ఉన్న దీపపు కుంది, దాని కొసన ఒక చుక్క.

వెనక నుంచి అత్త తొంగి చూసింది. "దీపం ఎలిగిందే! కారు కూడా దీపం ఎట్టింది సూడు. మంచి శకునం!" అని చేతులు జోడించింది. ఉష కూడా జోడించింది. వాళ్లని చూసి నేనూ జోడించాను.

నాన్న ఒక్కడే, "రాణీ, ఈ దీపం రోజూ ఎలగదు కదే?" అన్నాడు.

"కొత్త ఆయిల్ నాన్నా. దాన్ని గుర్తుపట్టింది."

ఈ మాట నేనే అన్నాను. నా నోటితోనే. అది దీపం కాదు, ఇంజన్‌లో ఆయిల్ లేదని బండి పెట్టిన మొర.

కారు కదిలింది. కుదిపింది! ఆయిల్ మార్చాక కూడా అదే కుదుపు. బండి జబ్బు ఎక్కడో చూద్దామని కిందకి వంగి చూశాను. అప్పుడు కనబడింది అసలు సంగతి. నాన్న కుడికాలు తన పని తాను చేసుకుంటోంది. ఎడమకాలు మాత్రం, నలభై ఏళ్లు మామూలు బండ్లు నడిపిన అలవాటు కొద్దీ, లేని క్లచ్ కోసం వెతుక్కుంటూ వెళ్లి బ్రేకుని టపీమని తొక్కుతోంది. బండికి ఏ రోగమూ లేదు. దానికి ఆయిల్ మార్చక్కర్లేదు, దాని బోల్టు విప్పక్కర్లేదు, నేను కాలువలో పడుకోనక్కర్లేదు.

చెబుదామని నోరు తెరిచాను. నాన్న తలపాగా సర్దుకుంటూ అద్దంలో ఉషని చూసి నవ్వాడు. నోరు మూసుకున్నాను.

ఉర్లా రోడ్డు ఎక్కేసరికి బండిలో టక్ టక్ మని చప్పుడు మొదలైంది. "కొబ్బరికాయ కొడతన్నట్టు ఉన్నాది" అంది అత్త. ఆ వెంటనే బానెట్ సందుల్లోంచి తెల్లటి పొగ. "సాంబ్రాణి!" అంది, కానీ ఈసారి గొంతులో నమ్మకం తగ్గింది. దీపం అయింది, ధూపం అయింది, కొబ్బరికాయ కూడా అయింది. నైవేద్యంగా నన్నే పెడతారేమోనని నాకు చెమటలు పట్టాయి.

నాన్న బండి పక్కకి తీసి టక్కున ఆపేశాడు. అప్పుడే అమ్మ ఫోన్.

"ఓసి గుంటా! తవ్వలో బియ్యం పోస్తే గింజలన్నీ నల్లగా అయిపోనాయే! కిరసనాయిలు కంపు! ఏటి సేసినావే నా తవ్వని?"

స్పీకర్ ఆన్‌లో ఉంది. నాన్న నా వైపు తిరిగాడు.

"రాణీ. నువ్వు తీసిన ఆయిల్ ఏ రంగు?"

"నలుపు నాన్నా. బాగా కుళ్లిపోయి..."

"పోసినది?"

"ఎరుపు."

"గేరు ఆయిల్ ఎంత పాతదైనా అంత నల్లగా ఉంటాదేటే?"

రోడ్డు పక్క లారీలు పోతుంటే ఒక్కొక్కదాని కింద పడదామా అని ఆలోచిస్తున్నాను. నాన్న అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, అలాగే కూర్చున్నాడు.

ఈలోపు మావయ్య ఫోన్. "ఎక్కడున్నారు? పంతులు తొందర పెడతన్నాడు. బండి ఆగిపోనాదా? నాకు తెలుసు! ఉండు, మా తమ్ముడు కారు అంపుతాను, ఉషని ఎక్కించు. నువ్వు ఎనక సీటులో..."

"సరే బావా" అని నాన్న అనబోయాడు. నేను చూశాను, పెదవులు అప్పటికే ఆ మాట ఆకారంలోకి వచ్చేశాయి.

వెనక నుంచి ఉష ముందుకు వంగి ఫోన్ లాక్కుంది. "నాన్నా, నాను దిగను. గంపలో కూకున్నాను. నేల తొక్కకూడదంట. అమ్మే సెప్పింది."

"ఇది గంప కాదే, సెడిపోయిన కారు!"

"మావయ్య గంపన్నాడు. గంపే." ఫోన్ పెట్టేసింది.

అత్త తలపట్టుకుంది, కానీ తను పెట్టిన నియమం తనే ఎలా కాదంటుంది? నాకు మాత్రం ఒళ్లంతా జువ్వ వెలిగినట్టయింది. పిల్ల దిగకూడదు. అయితే కారే వెళ్లాలి. కారు తనంతట వెళ్లదు. అయితే కారుని మొయ్యాలి. మోసేవాళ్లు ఎవరు? ఆ రోడ్డులో వాళ్లకి కొదవా? పాడైన బండ్లని ఎక్కించుకుని పోయే పెద్ద లారీ ఒకటి ఎదురుగా ధాబా ముందు ఆగి ఉంది. పరికిణీ పైకి దోపుకుని పరిగెత్తాను.

డ్రైవర్ భయ్యా టీ తాగుతూ నా మాట విన్నాడు. కారు దగ్గరికి వచ్చి, "చలో, సబ్ ఉతరో" అని అందరినీ దిగమన్నాడు.

"దుల్హన్ నహీఁ ఉతరేగీ" అన్నాను, పెళ్లికూతురు దిగదని.

"కాబర్?"

"హమారా రివాజ్ హై." మా ఆచారమని చెప్పాను.

"అవు బాబూజీ?" అని, మరి ఈయన సంగతేమిటన్నట్టు నాన్నని చూపించాడు.

నాన్న తలపాగా గట్టిగా అదిమాడు. "మైఁ మామా హూఁ. మైఁ భీ నహీఁ ఉతరూఁగా." మేనమామని కదా, నేనూ దిగనన్నాడు.

డ్రైవర్ మా నలుగురినీ ఒకసారి, పూలదండలని ఒకసారి చూశాడు. తర్వాత భుజాలు ఎగరేసి, లారీ వెనక పలకని నేలకి వంచి, గొలుసు తగిలించాడు. కారు మమ్మల్నందరినీ పెట్టుకుని మెల్లగా వెనక్కి వాలుతూ పైకి ఎక్కింది. అత్త అన్ని దేవుళ్ల పేర్లూ వరసగా పిలిచింది. ఉష మాత్రం నవ్వు ఆపుకోలేక బాసికం పట్టుకుంది.

మండపం ముందు బ్యాండు వాయిస్తోంది. లారీ వంపు తిరిగి కనబడగానే వాయించేవాళ్లు తలలు పైకెత్తారు, సన్నాయి మధ్యలో ఆగింది, మళ్లీ డబుల్ జోరుగా అందుకుంది. ఊరేగింపు రథంలో ఉన్నట్టు, జనం నెత్తుల పైన, బంతిపూల తెల్ల కారు. స్టీరింగు పట్టుకుని పట్టు తలపాగాతో మా నాన్న. మధ్యమధ్యలో హారన్ కూడా కొట్టాడు. అదొక్కటే పనిచేస్తోంది మరి.

మావయ్య గుమ్మంలో మెడ వెనక్కి వాల్చి చూస్తున్నాడు. నాన్న అద్దం దించాడు.

"బావా! సూసి సెప్పు, నాను ఏ సీటులో కూకున్నాను?"

నలుగురూ నవ్వేసరికి మావయ్యా నవ్వేశాడు. "దిగు బావా, దిగు. ఇంత ఎత్తు గంప మా వొంశంలో ఎవుడూ మోయనేదు!"

లారీ పలక వాలింది. కారు మెల్లగా జారుతూ సరిగ్గా మండపం గుమ్మంలో పరిచిన చాప అంచున ఆగింది. నాన్న దిగి, కుంటుకుంటూ వచ్చి, తలుపు తీసి ఉషకి చెయ్యి ఇచ్చాడు. ఉష కాలు పెట్టింది చాప మీదే. తలంబ్రాలకి అమ్మ వేరే బియ్యం తెచ్చింది, చేత్తో దోసిళ్లు కొలిచి. నా వైపు చూడనైనా చూడలేదు.

డ్రైవర్ భయ్యా భోజనం చేసి వెళ్తూ ఫోనులో ఎవరికో చెబుతుంటే విన్నాను. తెలుగువాళ్లలో దుల్హన్‌ని కారులో, కారుని ట్రక్కు మీద పెట్టి తీసుకురావడం రివాజట, ఎంతో పవిత్రమట.

తర్వాత గ్యారేజీలో ఎక్కువైన ఎర్రది తీసి, తక్కువైన నల్లది పోస్తే బండి బతికింది. నాన్న టైముకి ఆపేశాడు కాబట్టి సరిపోయింది. ఇక కుదుపు సంగతి. ఆ మర్నాడే నేను నాన్న ఎడమకాలి ముందు ఒక దిండు అడ్డంగా పెట్టాను. "మోకాలికి మంచిది నాన్నా, కాలు దీని మీద పెట్టుకుని హాయిగా ఉండు." కాలు దిండు మీద ఉంది, బ్రేకు దాకా పోలేదు. కుదుపు పోయింది.

నాన్న ఏమనుకున్నాడు? ఏమనుకుంటాడు! "సూసినావా, నా కూతురు ఆయిల్ మార్చినాక కుదుపు బిల్కుల్ ఎల్లిపోనాది. కాస్త ఆలస్యంగా పని సేసింది, అంతే" అని కాలనీ అంతా చాటాడు. దాంతో ఏం జరిగిందంటే, నిన్నగాక మొన్న మావయ్య ఒక ఆటోమేటిక్ బండి కొన్నాడు. నేరుగా మా గేటు ముందుకి తెచ్చి, చక్రాలు ఆ రాతి పలకల మీదే ఆపి, కిందకి దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రాణీ, నా బండి కూడా కుదుపుతన్నాది. ఆయిల్ మార్చవే తల్లీ. తవ్వ నానే తెచ్చుకున్నాను."

కొత్త తవ్వ. తళతళా మెరుస్తోంది. నా చేతులు దురద పెట్టలేదని మీతో అబద్ధం ఆడను.

అందుకే ఇందుమూలంగా అందరికీ తెలియజేసేదేమంటే: అమ్మ తవ్వ సాక్షిగా, పక్కింటి దీదీ కూలర్ నీళ్ల సాక్షిగా, నేను ఈ జన్మలో ఏ కారు కిందా దూరను, ఏ బోల్టూ విప్పను, ఎర్రదీ పొయ్యను, నల్లదీ తియ్యను. ఎవరి బండి కుదిపినా నేను ఇచ్చేది ఒక్కటే, దిండు. అది ఎందుకో మాత్రం మా నాన్నకి చెప్పను. మీరూ చెప్పకండి.